నేల కింది సెప్టిక్ ట్యాంకు జాడ కనిపెట్టడమెలా?

భూగర్భ మురుగు కాలువ లేని ఇళ్లలో మరుగుదొడ్డి నీరు సెప్టిక్ ట్యాంకుకే చేరుతుంది. కొన్నేళ్లకు దాని మీద మట్టి పేరుకుంటుంది. టైల్స్ పరుస్తారు. ఇల్లు చేతులు మారుతుంది. కట్టిన మేస్త్రీ ఆచూకీ ఉండదు. చివరకు మరుగుదొడ్డి పొంగిన రోజున ‘ట్యాంకు ఎక్కడుంది?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ తొందరలో ఎక్కడపడితే అక్కడ తవ్వడం ప్రాణాల మీదికి తెస్తుంది.

పొంగేదాకా ఆగకూడదు కూడా. ట్యాంకులో ఘన వ్యర్థం బురదగా అడుగుకు చేరుతుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలోని నీరు ఇంకుడు గుంతకు పోతుంది. సాధారణంగా రెండు మూడేళ్లకోసారి బురద తీయించాలి. లేకపోతే అది నీటితో పాటు వెళ్లి ఇంకుడు గుంతను పూడ్చేస్తుంది.

పైపు చెప్పే దారి

మురుగునీరు వాలును బట్టి పారుతుంది కాబట్టి వెతుకులాట మరుగుదొడ్డి గోడ వెలుపల మొదలుపెట్టాలి. పైపు ఏ వైపు బయటికి వచ్చిందో, మధ్యలో ఛాంబర్ ఉందేమో చూడాలి. పైపును మీటరుకు 2 సెంటీమీటర్ల వాలుతో వేశారనుకుందాం. గోడ దగ్గర 30 సెంటీమీటర్ల లోతున ఉన్న పైపు 5 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల లోతున ఉంటుంది. గాలి గొట్టం ట్యాంకు మీదే నిలబెట్టి ఉంటే పని మరింత సులువు.

నేల ఇచ్చే ఆనవాళ్లు

ట్యాంకు పైకప్పు మీద మట్టి పొర పలచగా ఉంటే తేమ త్వరగా ఆరిపోతుంది. వేసవిలో అక్కడి గడ్డి ముందుగా ఎండుతుంది. నీరు కారుతున్న చోట మాత్రం చుట్టుపక్కల కంటే పచ్చగా పెరుగుతుంది. టైల్స్ పరిచిన చోట మెల్లగా తడితే బోలు శబ్దం రావచ్చు.

అయితే గడ్డపారతో బలంగా పొడవకూడదు. ట్యాంకులోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తడి కాంక్రీటు మీది బ్యాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. పైకి గట్టిగా కనిపించే పాత పైకప్పు లోపలి నుంచి తినేసి ఉండవచ్చు. అనుమానమున్న చోట నిలబడకూడదు, వాహనం ఆపకూడదు.

పరికరాల సాయం

పైకప్పులోని ఇనుప కడ్డీలను లోహ శోధకం పసిగడుతుంది. మరో పద్ధతిలో చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్‌ను పైపులోకి తోస్తారు. 512 హెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్య సంకేతం మట్టిని దాటి పైకి వస్తుంది. నేల మీద రిసీవర్‌తో దాని వెంట నడిస్తే పైపు దారి తెలుస్తుంది. భూమిలోకి తరంగాలను పంపే రాడార్, మట్టికీ కాంక్రీటుకీ గాలికీ విద్యుత్ ధర్మాల్లో ఉన్న తేడా వల్ల వెనక్కి వచ్చే ప్రతిధ్వనులను నమోదు చేస్తుంది. ఇసుక నేలల్లో ఇది బాగా పనిచేస్తుంది. తడి నల్లరేగడి మాత్రం తరంగాలను పీల్చేసుకుంటుంది.

మూత దొరికాక

అసలు ప్రమాదం ఇక్కడే. లోపలి మీథేన్ మండే వాయువు కాబట్టి దగ్గర్లో అగ్గిపుల్ల వెలిగించకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది. తక్కువ మోతాదులో కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. పది లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్లకు చేరితే ముక్కు ఆ వాసనను పసిగట్టలేదు. వాసన తగ్గిందంటే వాయువు పోయిందని కాదు. మోతాదు ఇంకా పెరిగితే క్షణాల్లో స్పృహ తప్పుతుంది. పడిపోయినవారిని కాపాడబోయి దిగినవారూ చనిపోతున్నారు.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది. బురదను ట్యాంకరు పైపుతో బయటి నుంచే లాగించాలి.

మూత దొరికిన రోజే ఇంటి రెండు మూలల నుంచి దాని దూరాన్ని టేపుతో కొలిచి, పటం గీసి, ఇంటి కాగితాలతో దాచాలి. రెండు దూరాలూ, ఏ వైపున ఉందన్న వివరమూ ఉంటే ఆ బిందువును ఎప్పుడైనా గుర్తించవచ్చు. ఈ పని చేస్తే, వచ్చే తరం తవ్వి వెతకాల్సిన అవసరం ఉండదు.