ప్రార్థన ముగిశాక మొదలయ్యే పరీక్ష

మొజంజాహీ మార్కెట్: నిజాం ఉస్మాన్ అలీఖాన్ తన రెండో కుమారుడి పేరిట 1935లో కట్టించిన రాతి మార్కెట్టు ఇది. మరమ్మతుల అనంతరం 2020 ఆగస్టులో కొత్త కళతో తిరిగి తెరుచుకుంది. దీనికి చేరువలోనే ఆబిడ్స్‌లో సెయింట్ జార్జి చర్చి, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కథెడ్రల్ ఉన్నాయి. ఆదివారం ఆరాధన ముగిస్తే నాలుగడుగుల దూరంలో బజారు. చర్చిలో చేసిన ప్రార్థన దేవుడికి తెలుస్తుంది. బజారులో చేసిన బేరం నలుగురికీ తెలుస్తుంది. విశ్వాసం మనిషిని మార్చిందా లేదా అన్నది తేలేది ఇక్కడే.

బైబిలులోని జక్కయ్య కథ సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. అతడు పన్నులు వసూలు చేసే అధికారి, ధనికుడు. యేసు తన ఇంటికి వచ్చిన రోజున ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. ఎవరి వద్దనైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి చెల్లిస్తానని మాట ఇచ్చాడు. మారిన మనసు ముందుగా డబ్బు సంచిలో కనిపించింది.

ఎర్రగుంట్ల పేరయ్య పట్టుదల

తెలుగునాట ఇందుకు పేరెన్నికగన్న ఉదాహరణ కనిగిరి ప్రాంతానికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, చర్మాల వ్యాపారి. 1866లో బాప్తిస్మం పొందారు. ఆయన మాట విని క్రైస్తవులైనవారు మూడు నియమాలు పెట్టుకున్నారు. విగ్రహాలను పూజించరాదు. చచ్చిన పశువుల మాంసం తినరాదు. ఆదివారం పని చేయరాదు.

వినడానికి చిన్న నియమాలే గాని, ఊరి కట్టుబాటుకు ఎదురు నిలిచినవి. జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున పనికి రావడం మాదిగల విధి అని పెద్దలు భావించే కాలమది. కాదన్నవారికి వేధింపులు తప్పలేదు. నోటికాడి కూడు పోతుందని తెలిసీ వారు వెనక్కి తగ్గలేదు.

కరవులో వచ్చిన సందేహం

1876-78 నాటి మహాకరవులో అసలు పరీక్ష వచ్చింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి కూలి కల్పించారు. బాప్తిస్మం కోరేవారు పెరిగారు. అయితే బువ్వ కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని, సహాయ కార్యక్రమం సాగినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం చరిత్రకెక్కింది.

చించిన చేతులే పట్టుకున్నాయి

భాగ్యనగరం ఎరిగిన ఉదాహరణ బ్రదర్ భక్త్ సింగ్. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. విద్యార్థిగా ఉన్నప్పుడు తన చేతికి వచ్చిన బైబిలును చించివేసి, అందమైన అట్టను మాత్రం ఉంచుకున్నట్లు ఆయనే చెప్పుకున్నారు. ఇంజనీరింగు చదువు కోసం ఇంగ్లండుకు, అక్కడి నుంచి కెనడాకు వెళ్ళారు. 1929లో విన్నిపెగ్‌లో మిత్రుని అడిగి బైబిలు తీసుకుని చదవడంతో జీవితం మలుపు తిరిగింది.

1933లో బొంబాయిలో ఓడ దిగారు. కుటుంబ గౌరవం కోసం ఈ సంగతి గుట్టుగా ఉంచమని తల్లిదండ్రులు కోరారు. ఆయన ఒప్పుకోలేదు. చదివిన చదువును పక్కన పెట్టి, జీతం లేని సేవకు దిగారు.

1950లో హైదరాబాదు వచ్చి, గోల్కొండ క్రాస్ రోడ్స్ వద్ద హెబ్రోనును కేంద్రంగా చేసుకున్నారు. అక్కడి వార్షిక సభలకు వేలాదిగా జనం వచ్చేవారు. భోజనం ఉచితం, చందా అడగడం లేదు. చాపల మీద అందరికీ ఒకే బంతి. పక్కన కూర్చున్నవాడు ఏ కులమో, ఏ ఉద్యోగమో చూడకుండా అన్నం తినడం ఆ కాలంలో చిన్న మార్పు కాదు. 2000 సెప్టెంబరు 17న ఆయన కన్నుమూసినప్పుడు అంతిమయాత్రకు జనం పోటెత్తారు.

నాణేనికి రెండోవైపు

మతం మారినంత మాత్రాన గుణం మారుతుందనుకుంటే పొరపాటే. చర్చిలో పక్కపక్కన కూర్చునేవారు కూడా పెళ్ళి సంబంధం దగ్గర కులం చూస్తారన్న విమర్శ నేటికీ ఉంది. దోర్నకల్ బిషప్ అజరయ్య 1912 నుంచి 1945 వరకు పోరాడిన జాడ్యాల్లో ఇది ఒకటి.

పేరయ్య కూలిని పణంగా పెట్టారు, భక్త్ సింగ్ కుటుంబాన్ని పణంగా పెట్టారు. విడిచిపెట్టినదేమీ లేని మార్పును లోకం నమ్మదు. దానికి సాక్ష్యం చెప్పవలసింది మారినవాడు కాదు. ఇరుగుపొరుగు, అతడి వద్ద సరుకు కొన్నవాడు, అతడి కింద పని చేసినవాడు.