మత్తును మోసే నూనె అణువు

నల్లమందు నుంచి మార్ఫీన్‌ను జర్మన్ ఔషధకారుడు జెర్టూర్నర్ పందొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే వేరుచేశాడు; కోకా ఆకులోని కొకైన్ 1860 నాటికి శుద్ధరూపంలో చేతికందింది; వేల ఏళ్లుగా మనుషులెరిగిన గంజాయిలో మత్తు కలిగించే పదార్థమేదో మాత్రం 1964 దాకా రూఢిగా తేలలేదు. ఈ జాప్యానికి కారణం పరిశోధకుల అలసత్వం కాదు, ఆ పదార్థపు స్వభావమే. మార్ఫీన్, కొకైన్ ఆల్కలాయిడ్లు, అంటే నైట్రోజన్ కలిగి, ఆమ్లంతో కలిసినప్పుడు లవణాలుగా మారి స్ఫటికాలు కట్టే వృక్షరసాయనాలు కనుక వాటిని మిగతా రసం నుంచి విడదీయడం తేలిక. గంజాయిలోని మత్తుపదార్థంలో నైట్రోజన్ లేదు. అది నీటిలో దాదాపు కరగదు, సులభంగా స్ఫటికం కట్టదు, తనను పోలిన అనేక సమ్మేళనాలతో కలగలిసి జిగట నూనెగా ఉంటుంది. 1890ల్లో కేంబ్రిడ్జ్ రసాయనవేత్తలు చరస్ నుంచి కానబినాల్ అనే పదార్థాన్ని వెలికితీసి మత్తుకు అదే మూలమని భావించారు కాని, అది నిల్వ సరుకులో అసలు పదార్థం గాలి తగిలి క్షీణించగా ఏర్పడే అవశేషమని తర్వాత తెలిసింది.

చిక్కుముడి విప్పినవారు ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో పనిచేసిన రాఫెల్ మెషూలమ్, యెహీల్ గవోని. పోలీసులు పట్టుకున్న లెబనాన్ చరస్ (హషీష్)ను 5 కిలోలు సంపాదించి, మిశ్రమంలోని పదార్థాలను అవి ఒక ఘనపదార్థపు స్తంభం గుండా దిగే వేగాల తేడాను బట్టి విడదీసే క్రొమటోగ్రఫీ పద్ధతితో వారు దానిని శోధించి, 21 కార్బన్, 30 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులున్న డెల్టా-9-టెట్రాహైడ్రోకానబినాల్ నిర్మాణాన్ని 1964లో ప్రకటించారు. ఇంత పొడుగు పేరును లోకం టీహెచ్‌సీ అని కుదించుకుంది.

పచ్చిమొక్కలో ఈ పదార్థం చాలా కొద్దిగా ఉంటుందన్న సంగతి చాలామందికి ఆశ్చర్యంగా తోచవచ్చు. ఆడమొక్క పూలగుత్తులను కప్పి ఉండే సన్నని గ్రంథిరోమాల్లో తయారయ్యేది దాని ఆమ్లరూపం. ఆ రూపానికి మత్తు గుణం లేదు. వేడి తగిలినప్పుడు, కొంతమేరకు ఎండి నిల్వ ఉన్నప్పుడు, ఆ ఆమ్లం కార్బన్ డయాక్సైడ్‌ను వదులుకొని టీహెచ్‌సీగా మారుతుంది. పూలగుత్తులైన గంజాయికి, వాటి జిగురైన చరస్‌కు, ఆకుతో చేసే భంగుకు మధ్య బలంలో ఉన్న తేడా ముఖ్యంగా ఈ రోమాల సాంద్రతలోని తేడాయే. భారతదేశపు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ ఉన్న కొమ్మ చివళ్లను గంజాయిగా నిర్వచించి, వాటితో కలవని ఆకును ఆ నిర్వచనం నుంచి మినహాయించింది.

శరీరంలో టీహెచ్‌సీ చేసే పని మరో పాతికేళ్లకు గాని తెలియలేదు. 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్, విలియం డివేన్ మెదడు కణాలపై టీహెచ్‌సీ వంటి అణువులు అతుక్కునే గ్రాహకాన్ని, అంటే బయటి రసాయనాన్ని గుర్తించి కణం లోపలికి సంకేతం పంపే ప్రోటీన్‌ను, కనుగొన్నారు. దీనికి సీబీ1 అని పేరు. ఎక్కడో పెరిగే మొక్క కోసం మెదడు గ్రాహకాన్ని సిద్ధం చేసుకొని ఉండదు కనుక, శరీరమే అటువంటి అణువును తయారుచేస్తూ ఉండాలన్న తర్కంతో వెదకిన మెషూలమ్ బృందానికి 1992లో పంది మెదడులో అది దొరికింది. సంస్కృత ‘ఆనంద’ శబ్దం చేర్చి దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. 1995లో 2-ఏజీ అనే మరో అణువు బయటపడింది.

ఈ సొంత అణువుల నడక విచిత్రమైనది. సాధారణంగా నాడీసంకేతం పంపే కణం నుంచి అందుకునే కణానికి సాగుతుంది. ఇవి మాత్రం అందుకునే కణంలో, అవసరమైన క్షణంలో పుట్టి, వెనక్కి ప్రయాణించి, పంపే కణం మీది సీబీ1ను తాకి, ఇక తగ్గించమని చెప్పి, వెంటనే ఎంజైముల చేత విరిగిపోతాయి. ఆ అదుపు ఆ రెండు కణాలు కలిసే ఒక్క సంధికి, కొద్దిసేపటికి పరిమితం. టీహెచ్‌సీ అదే గ్రాహకాన్ని తాకుతుంది గాని చోటు, వేళ ఎరగదు. రైతు తన మడికి కావలసినంత నీరు మళ్లించుకోవడానికి, చెరువుకు గండిపడి ఆయకట్టంతా మునగడానికి ఉన్నంత భేదం వీటి మధ్య ఉంది. జ్ఞాపకాలను నమోదుచేసే హిప్పోక్యాంపస్‌లో సీబీ1 దట్టంగా ఉండటం వల్ల మత్తులో మొదలుపెట్టిన వాక్యం మధ్యలోనే మరపున పడుతుంది. అనుమస్తిష్కంలో ఉండటం వల్ల నడక తూలుతుంది. శ్వాసను నడిపే మెదడుకాండ కేంద్రాల్లో ఈ గ్రాహకాలు అతి తక్కువ కావడం వల్ల, నల్లమందు జాతి మందుల్లాగా మోతాదు మించి ఊపిరి ఆగిపోవడం ఇక్కడ జరగదు. అయితే దీనిని నిరపాయతకు యోగ్యతాపత్రంగా చదువుకోవడం పొరపాటు. ప్రయోగశాలల్లో పుట్టిన కృత్రిమ కానబినాయిడ్లలో అనేకం సీబీ1ను టీహెచ్‌సీ కంటే ఎంతో బలంగా ప్రేరేపిస్తాయి. వాటివల్ల మరణాలు సంభవించాయి.

ఈ గ్రాహకం ఎంత అవసరమో దానిని మూసివేయజూసిన మందు చెప్పింది. టీహెచ్‌సీ ఆకలిని పెంచుతుంది కనుక సీబీ1ను అడ్డుకుంటే స్థూలకాయం తగ్గుతుందని రూపొందించిన రిమోనబాంట్‌కు 2006లో ఐరోపాలో అనుమతి లభించింది; బరువు తగ్గిన మాట నిజమే కాని, వాడినవారిలో కుంగుబాటు, ఆత్మహత్యా భావనలు పెరగడంతో 2008లో దానిని ఉపసంహరించారు.

రసాయనవేత్తలను ఏడిపించిన ఆ నూనె గుణమే శరీరంలోనూ కథ నడుపుతుంది. కొవ్వులో కరిగే అణువు కనుక పీల్చిన టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి నిమిషాల్లో మెదడు చేరుతుంది. తిన్నప్పుడు మాత్రం ముందు కాలేయానికి వెళ్లి, అక్కడ 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీ అనే, మెదడులోకి చులకనగా చొరబడే మరో మత్తురూపంగా కొంత మారుతుంది. ప్రభావం తెలియడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది కనుక, ఏమీ కాలేదనుకొని మరికొంత తిని ఆసుపత్రి పాలయ్యేవారున్నారు. మత్తు దిగినా పదార్థం వెళ్లిపోదు. కొవ్వు కణజాలంలో దాగి మెల్లగా విడుదలవుతూ, తరచుగా వాడేవారి మూత్రంలో దాని అవశేషం వారాల తరబడి కనిపిస్తుంది. అందువల్ల మూత్రపరీక్ష గత వాడకాన్ని చెప్పగలదే గాని, పరీక్ష వేళకు ఆ మనిషి మత్తులో ఉన్నాడో లేదో చెప్పలేదు.

కీమోథెరపీ వాంతులకు వాడే డ్రోనబినాల్ కృత్రిమంగా తయారైన టీహెచ్‌సీయే. అమెరికాలో 1985లో దానికి అనుమతి వచ్చింది. కొలిచిన మోతాదులో వైద్యుడిచ్చే ఆ గుళికకు, బలమెంతో తెలియని పొట్లానికి పోలిక లేదు. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో సగటున 1995లో సుమారు 4 శాతమున్న టీహెచ్‌సీ 2014 నాటికి సుమారు 12 శాతానికి చేరింది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో చాటుగా సాగయ్యే ‘శీలావతి’ రకం గంజాయి పొట్లం మీద ఏ శాతమూ రాసి ఉండదు. స్వీడన్‌లో సైనిక శిక్షణకు చేరిన 45 వేలమందికి పైగా యువకులను 15 ఏళ్లు గమనించి 1987లో వెలువరించిన అధ్యయనంలో, చేరేనాటికే 50 సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా, వాడనివారితో పోలిస్తే, ఆరు రెట్లు కనిపించింది. ఇందులో కారణమెంత, ఇతర పరిస్థితుల పాలెంత అన్న వాదం సాగుతున్నప్పటికీ, మెదడు అల్లిక ఇరవైల నడుమ దాకా పూర్తికాదన్నది, ఆ అల్లికలో సీబీ1కు పాత్ర ఉన్నదన్నది వివాదం లేని విషయాలు. కళాశాల ప్రాంగణాల్లో గంజాయిని హానిలేని ఆకుగా చెలామణీ చేసే మాటకు ఆ వయసు వారి విషయంలోనే అన్నిటికంటే తక్కువ ఆధారముంది.