కంప్యూటరు చదువునకు వాల్తేరా, విజయనగరమా?

జీడిపిక్కలు అమ్మిన సొమ్ము చేతికి వచ్చు దినములలోనే మన ఉద్దానపు ఇండ్లలో చదువు ప్రశ్నయు బయలుదేరుచున్నది. ఇంటర్మీడియేటు ముగించిన పిల్లవాడో, పిల్లయో కంప్యూటరు ఇంజనీరింగు చదివెదనని పట్టుపట్టును. తండ్రి సంఘ కార్యాలయమునకు వచ్చి "ఆంధ్రా యూనివర్సిటీ మేలా, జే.ఎన్.టి.యు. మేలా?" యని యడుగును. ఈ ప్రశ్న మాకు పలుమారు ఎదురగుచున్నందున దీనిని గూర్చి కొంత విశదముగ వ్రాయ సంకల్పించితిమి. ఇందు లక్షలతో కూడిన వ్యవహారము గలదు, నాలుగేండ్ల కాలము గలదు. అన్నిటికంటె ముఖ్యముగ, కొబ్బరితోట తాకట్టు పెట్టవలయునా అక్కరలేదా యను మాట గలదు.

ముందుగ ఈ రెండు విశ్వవిద్యాలయముల పుట్టుక తెలిసికొనవలయును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 సంవత్సరమున బెజవాడలో స్థాపితమై, 1930లో వాల్తేరునకు చేరినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి ప్రథమ ఉపాధ్యక్షులు. తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవి నిర్వహించిరి. సాహిత్యము, శాస్త్రములు, న్యాయము, ఇంజనీరింగు మొదలగు విద్యలన్నియు ఒకే ఆవరణలో నుండుట దాని విశేషము. రెండవది జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖ. 1972లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయము 2008లో నాలుగుగ విభజింపబడగా మన జిల్లా కాకినాడ భాగమున చేరినది. పిమ్మట 2021లో చేయబడిన చట్టముచే విజయనగరము కేంద్రముగ, మహాకవి గురజాడ పేరిట ఉత్తరాంధ్రకు వేరు సాంకేతిక విశ్వవిద్యాలయము కలిగినది. అయితే అచ్చటి కళాశాల అప్పుడు పుట్టినది కాదు; 2007 నుండియు నడచుచున్నది. కావున ఒకటి నూరేండ్లది, మరియొకటి నిన్నటిది యని తేల్చివేయుట సరికాదు.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తుము. "జే.ఎన్.టి.యు.లో సీటు వచ్చినది" అని ఎవరైన చెప్పినప్పుడు దానికి రెండు అర్థములు గలవు. విజయనగరములోని విశ్వవిద్యాలయపు సొంత కళాశాలలో సీటు ఒకటి. ఆ విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన ప్రైవేటు కళాశాలలో సీటు వేరొకటి. పట్టాపై విశ్వవిద్యాలయపు పేరు రెండింటికి నుండును. కాని పాఠము చెప్పు గురువులు, ప్రయోగశాలలు, ఫీజు అన్నియు వేరు. టెక్కలిలో 2001 నుండి నడచుచున్న ఆదిత్య కళాశాల ఇట్టి అనుబంధ కళాశాలలలో నొకటి. వీనిలో కొన్నిటికి స్వయంప్రతిపత్తి యుండుటచే ప్రశ్నపత్రములు సయితము తామే తయారుచేసికొందురు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకును అనుబంధ కళాశాలలు గలవు. ఇది తప్పని మేము చెప్పుట లేదు. వానిలో చక్కగ చెప్పునవి గలవు. కాని వేసవిలో గ్రామములు తిరుగు దళారులు ఈ రెంటిని ఒకటిగ కలిపి చెప్పుచుందురు. "యూనివర్సిటీ సీటు" అని వినగనే బయానా ఇచ్చువారు మన యూళ్లలో నింకను గలరు. ఏ కళాశాల, ఏ ఊరు, ఏ కోటా యని కాగితముపై వ్రాయించుకొననిదే ఒక్క రూపాయయు నీయరాదు. ప్రైవేటు కళాశాలలలో నూటికి 70 సీట్లు ప్రవేశపరీక్ష ర్యాంకును బట్టి ప్రభుత్వపు కన్వీనరు ఇచ్చును. తక్కిన 30 యాజమాన్యపు కోటా. దళారి అమ్మునది ఆ 30లోనిదే గాని మరియొకటి కాదు.

వాల్తేరునందును ఒక తిరకాసు గలదు. సీట్ల జాబితాలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాల పేరు రెండు వరుసలలో కనిపించును. ఒకటి మామూలు సీట్లది. దాని ఫీజు స్వల్పము. రెండవది స్వయంపోషక విధానపు సీట్లది, అనగా విద్యార్థులిచ్చు ఫీజుపైననే నడుచునది. ఆవరణ ఒకటే, గురువులును చాలవరకు వారే, కాని ఫీజు అనేక రెట్లు హెచ్చు. వాల్తేరు వాల్తేరే గదాయని రెండవ వరుసను కోరుకొని, తరువాత ఫీజు కాగితము చూచి నివ్వెరపోవుట కంటె ముందుగనే చూచుకొనుట మంచిది.

చదువు విషయమునకు వచ్చిన, రెండు చోట్లను నేర్పునది ఇంచుమించు ఒకటే. కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయుట, సమాచారమును క్రమముగ పేర్చుట, యంత్రము లోపల పనిచేయు తీరు, ఒక యంత్రము మరియొక దానితో మాటలాడు విధము, వీనికి మూలమైన గణితము—ఇవియే నాలుగేండ్ల పాఠములు. ఇప్పుడు కృత్రిమ మేధ, దత్తాంశ శాస్త్రము అని కొత్త పేర్లతో వేరువేరు శాఖలు పెట్టుచున్నారు. పేరు కొత్తదైనంత మాత్రమున సీటు మేలైనది కాదు. మొదలు గట్టిదైన అంటు ఏ గాలికైనను నిలుచును. కంప్యూటరు సైన్సను పాత పేరుగల శాఖలోనే ఆ మొదలు గలదని మా అభిప్రాయము. ఆ మాటకు వచ్చిన, ఈ శాస్త్రమునకు ప్రపంచములో కెల్ల గొప్పదగు ట్యూరింగు బహుమానమును 1994లో పొందిన రాజ్ రెడ్డిగారు చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిరి. ఆయన 1958లో గిండీ కళాశాలయందు పుచ్చుకొన్న పట్టము సివిల్ ఇంజనీరింగుది.

భేదములు పాఠములలో కంటె పరిసరములలో హెచ్చు. విశాఖపట్టణములో కంప్యూటరు సంస్థలు గలవు. రుషికొండపై కొన్ని యేండ్లుగ నున్నవి; ఇన్ఫోసిస్ 2023లో కార్యాలయము తెరచినది; గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతునని ప్రకటించినది. ఈ వార్త విని మన కుర్రవాండ్ర కందరికి ఉద్యోగము లచ్చటనే యనుకొనువారు గలరు. ఆ పెట్టుబడిలో ముఖ్యభాగము దత్తాంశ కేంద్రమునకు. అట్టి కేంద్రమునకు కరెంటు, నీరు విస్తారముగ కావలయును గాని, కట్టడము ముగిసిన పిమ్మట మనుష్యులు మిక్కిలి హెచ్చుగ నక్కరలేదు. అయినను సెలవులలో ఒక సంస్థకు పోయి పని నేర్చుకొనుట, పై తరగతుల వారిని కలిసికొనుట పట్టణములో నున్నవారికి సులభము. విజయనగరము నుండి విశాఖకు రైలుపై అరవై కిలోమీటర్లే గనుక ఆ లాభము విజయనగరపు విద్యార్థికిని పూర్తిగ దూరము కాదు. విజయనగరములో వసతి ఖర్చు తక్కువ. పలాస నుండి వచ్చు రైలు ముందుగ విజయనగరము చేరి, తరువాతనే విశాఖ చేరును.

దూరమును మేము చిన్న విషయముగ నెంచుట లేదు. మన ప్రాంతమున మూత్రపిండముల వ్యాధిచే బాధపడు కుటుంబము లెన్నియో గలవు. తండ్రికి వారమునకు రెండు మూడు మారులు రక్తశుద్ధి చేయింపవలసిన ఇంట, కుమారుడు శనివారము సాయంకాలము ఇల్లు చేరగలడా లేదా యనునది ర్యాంకు కంటె పెద్ద మాట. అట్టివారు టెక్కలిలోని కళాశాలనో, శ్రీకాకుళమున కానుకొనియున్న ఎచ్చెర్లలోని అంబేద్కరు విశ్వవిద్యాలయమునో కోరుకొనిన, తక్కువ యెంచిరని యెవరును అనరాదు.

ఇక ర్యాంకుల సంగతి. కేంద్రప్రభుత్వము 2024లో ప్రకటించిన విశ్వవిద్యాలయముల పట్టికలో ఆంధ్ర విశ్వవిద్యాలయము మొదటి యాబదిలో నున్నది. ఇది గౌరవమే. కాని ఆ సంఖ్య వృక్షశాస్త్రము నుండి న్యాయశాస్త్రము వరకు అన్ని విభాగములకు కలిపి యిచ్చినది. కంప్యూటరు విభాగపు గుణమును అదియొక్కటే చెప్పజాలదు. మన రాష్ట్రపు విశ్వవిద్యాలయములలో ఆచార్య పదవులు పెక్కు ఖాళీగ నుండుట అందరెరిగినదే. కావున రెండు చోట్లకును ఒక్కొక్క దినము పోయి మూడు సంగతులు విచారింపుడు: కంప్యూటరు విభాగములో స్థిరమైన గురువు లెందరు, తాత్కాలికు లెందరు? ప్రయోగశాల సాయంకాలము తరువాత తెరచియుండునా? గత సంవత్సరము ఉద్యోగములు పొందినవారు మొత్తము విద్యార్థులలో ఎందరు? ఈ మూడవదానికి, పెద్ద జీతము వచ్చిన ఒక్కరి చిత్రము చూపి తప్పించుకొందురు. మీరు మాత్రము నడిమి విద్యార్థికి ఏమి వచ్చెనని యడుగుడు. కార్యాలయమువారి కంటె వసతిగృహములో నున్న మూడవ సంవత్సరపు పిల్లలు నిజము చెప్పుదురు. మన మందస, కవిటి పిల్లలు రెండు చోట్లను దొరకుదురు.

అప్పు విషయమున ర్యాంకు నిజముగ పనికివచ్చును. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వము ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము క్రింద, ర్యాంకును బట్టి యెంచిన విద్యాలయములలో చేరువారికి తాకట్టు గాని, జామీను గాని లేకయే బ్యాంకులు అప్పిచ్చును. కుటుంబపు వార్షికాదాయము 8 లక్షలలోపు అయిన, 10 లక్షల వరకు అప్పుపై నూటికి 3 వంతున వడ్డీ రాయితీ కూడ గలదు. యాజమాన్యపు కోటాలో చేరినవారికి ఇది వర్తింపదు. మీరు కోరు కళాశాల ఆ జాబితాలో నున్నదో లేదో చేరకముందే బ్యాంకులో అడుగుడు. లేకున్నను భయపడవలదు; సాధారణ విద్యారుణములోను 4 లక్షల వరకు తాకట్టు కోరరాదని నియమము. చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము వరకు వాయిదాలు మొదలుకావు గాని, వడ్డీ మాత్రము మొదటి దినము నుండియే పెరుగును. 2018లో తిత్లీ తుపాను మన తోటలను కూల్చిన తరువాత మరల నాటిన కొబ్బరి యింకను పూర్తి ఫలమునకు రాని యిండ్లలో, ఆ భూమిపైననే చదువునకు అప్పు తెచ్చుట మాకు సమ్మతము కాదు.

మా తలంపు అడిగెదరేని చెప్పుదుము. వాల్తేరులో మామూలు సీటు దొరకిన పుచ్చుకొనవలయును. అది దొరకక, వాల్తేరు స్వయంపోషక సీటునకును విజయనగరపు సొంత కళాశాల సీటునకును నడుమ ఎంచవలసివచ్చిన, అప్పు చేయవలసిన రైతుకు విజయనగరమే మేలు. ఆ రెండు ఫీజుల నడిమి తేడాతో నాలుగేండ్ల వసతి ఖర్చులో మంచి భాగము గడచును.

పదవ తరగతిలో నున్న పిల్లలుగలవారు మరియొకటి గమనింపవలయును. ఎచ్చెర్లలో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖ గలదు. పైన జెప్పిన రాజ్ రెడ్డిగారే ఆ విశ్వవిద్యాలయమునకు తొలి కులపతి. పదవ తరగతి మార్కులను బట్టి, అచ్చటనే యుండి ఆరేండ్లు చదువుటకు చేర్చుకొందురు. ప్రభుత్వ పాఠశాలల వారికి అదనపు మార్కులు గలవు. ఇంటర్మీడియేటు వరకు ఆగినవారికి ఆ ద్వారము మూసికొనును.

సీట్లు కోరు పద్ధతి. ప్రవేశపరీక్షకు 75 పాళ్లు, ఇంటర్మీడియేటు మార్కులకు 25 పాళ్లు చేర్చి ర్యాంకు కట్టుదురు. పిమ్మట కళాశాలల పేర్లను మీ కోరిక వరుసలో నింపవలయును. ర్యాంకు చాలదను భయముతో, కోరినదానిని క్రిందికి దించువారు గలరు. అట్లు చేయరాదు. పైనున్నది దొరకకున్న, యంత్రము తనంతట తానే క్రిందిదానికి దిగును. పైన వ్రాసినందున క్రిందిదానికి నష్టము లేదు. కాని క్రింద వ్రాసిన మంచిది, పైనున్న సామాన్యమైనది దొరకిన వెంటనే చేయిజారును. నెట్ కేంద్రములో కూర్చుండు కుర్రవానికి ఈ పని యొప్పగింపక, తండ్రియు బిడ్డయు దగ్గర కూర్చుండి నింపవలయును. రహస్య సంఖ్యను పరుల కీయరాదు.

వాల్తేరు, విజయనగరము రెండును ఆంధ్రా ప్రాంతములోనివే గనుక మన పిల్లలు రెండింటను స్థానికులే. నూటికి 85 సీట్లు స్థానికులవి. అందుకు ఆరవ తరగతి నుండి ఇంటర్మీడియేటు వరకు చదివిన పాఠశాలల ధ్రువపత్రములు కావలయును. బరంపురమునందో, ఒడిస్సాలోని బంధువుల యూళ్లలోనో కొన్ని తరగతులు చదివిన ఇచ్ఛాపురము, సోంపేట వైపు పిల్లలు ఆ సంవత్సరముల పత్రములను ఇప్పుడే తెప్పించుకొనవలయును. ఆదాయ, కుల ధ్రువపత్రములకు సచివాలయములో జూన్ నెలలో జనసమ్మర్దము హెచ్చు. ఏప్రిల్ నెలలోనే దరఖాస్తు పెట్టుకొనుడు.