పెట్టె అడుగున బుట్టచేతులు

పాత షోకు మళ్ళీ కొత్తదయింది. సావిత్రి జీవితగాథ ‘మహానటి’ 2018లో వచ్చి, దుస్తులకు కూడా జాతీయ బహుమతి గెలుచుకున్నాక ఆడపిల్లల చూపు బుట్టచేతుల రవికల మీద పడింది. సంతోషమే! అమెరికావాళ్ళకు 1940లలో గోడకంటించుకునే సుందరీమణులుంటే, మనకు నరసాపురంలో పుట్టిన బాపు గీసిన బొమ్మ వుంది: వాలుజడ, సోగకళ్ళు, పొందికైన చీరకట్టు. అంతకన్న హంగు ఆమెకు అక్కరలేకపోయింది. నఖశిఖపర్యంతం సావిత్రిలా ముస్తాబై కూరలకు బయలుదేరితే, “షూటింగెక్కడమ్మా?” అని అడగరూ!

మా చింతలపూడి వేపు మామిడికాయలు దిగే ఎండలకు పాత వెంకటగిరి నూలుచీర, వదులుపాటి బుట్టచేతులు ఎంత హాయో కట్టినవారికి తెలుసు.

అమ్మమ్మగారి పట్టుచీర సంగతి వేరు. అసలు జరీ అంటే దారానికి చుట్టి, బంగారుపూత పూసిన వెండితీగె. “పాత జరీచీరలు కొంటాం” అని వీధిలో కేకవేసే వారికి కావలసింది ఆ వెండే. చీరను కాల్చి తీస్తారు. వారిచ్చిన డబ్బు నెల తిరక్కుండా ఖర్చయిపోతుంది. అమ్మమ్మ చీర బూడిదవుతుంది.

అమ్మేముందు వొక్కసారి కట్టి చూడండి. ఏళ్ళతరబడి వొకే మడతలో వున్న పట్టు ఆ మడత దగ్గరే చిరుగుతుంది. కనుక అప్పుడప్పుడు నీడలో ఆరవేసి, మడత మార్చి, నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి. కలరా వుండలు జరీకి తగలనివ్వకండి. పాత రవిక పట్టలేదని పారెయ్యకండి. ఆనాటి దర్జీలు లోపల గుడ్డ వదిలి కుట్టేవారు. పక్క కుట్లు విప్పించండి, వొక అంగుళమైనా దొరుకుతుంది.