విశేషం కోసం ఎదురుచూస్తున్నారా? అయితే ఇద్దరూ కలిసి వెళ్ళండి!

"ఏమ్మే, ఇంకా ఏం విశేషం లేదా?"

పెళ్ళయి ఆరు నెలలు దాటితే చాలు, మా ఉదయగిరి వైపు ఏ పేరంటానికి వెళ్ళినా ఆడపిల్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళకు అదొక పలకరింపు. వినేవాళ్ళకు మాత్రం ముల్లు. ఇతరులను అనడం ఎందుకు, నేనూ అడిగినదాన్నే. మా పిన్ని కూతుర్ని ఒక సీమంతంలో నలుగురి ముందూ అడిగేశాను. తను నవ్వి ఊరుకుంది. ఆ రాత్రి దొడ్లో గిన్నెలు తోముతూ ఒంటరిగా కళ్ళు తుడుచుకుంటుంటే చూశాను. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న నా నోట రాలేదు.

తన పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో తను మొక్కని దేవుడు లేడు. పెంచలకోన వెళ్ళి నరసింహస్వామికి మొక్కుకుంది. ఏ.ఎస్.పేట దర్గాలో నిద్ర చేసింది. చెక్క స్పూన్లు చేసి దాచుకున్న డబ్బంతా నాటు మందులకు పోసింది. ఒకచోట 'గర్భసంచి శుభ్రం చేస్తే నిలుస్తుంది' అని రెండుసార్లు డి అండ్ సి చేశారు. ప్రతిసారీ తోడు వెళ్ళింది వాళ్ళ అత్తగారో, మా పిన్నో. ఆయన ఒక్కసారి కూడా రాలేదు. లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. అయినా, "నాకేం రోగం? నేను బాగానే ఉండా గదా!" అనేది ఆయన మాట.

చివరికి నేను తోడుగా ఆత్మకూరు తీసుకెళ్ళాను. అక్కడి లేడీ డాక్టరు ఆ లావుపాటి ఫైలంతా ఓపిగ్గా తిరగేసి ఒక్కటే అడిగింది. "ఇన్ని కాయితాలు తెచ్చారే, ఇందులో మీ ఆయన కాయితం ఒక్కటన్నా లేదేంటమ్మా?"

మా దగ్గర జవాబు లేదు. తర్వాత వారం ఆయన్ని బతిమాలి తీసుకెళ్ళాం. వీర్యకణాలు బాగా తక్కువగా ఉన్నాయని తేలింది. అన్ని పరీక్షల్లోకీ తేలికైనది, చౌకైనది ఆ పరీక్షే. అది చేయించడానికి ఆరేళ్ళు పట్టింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. డాక్టర్లు చెప్పగా విన్నవీ, చదివి తెలుసుకున్నవీ మీతో పంచుకుంటాను.

ఆయన పరీక్ష ముందు

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో లోపం పూర్తిగా గానీ కొంత గానీ మగవారి వైపు ఉంటుంది. అయినా 'గొడ్రాలు' అనే మాట ఆడదానికే అంటగట్టాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదుర్కొంటున్నారు. కాబట్టి ఇది శాపమూ కాదు, సిగ్గుపడాల్సిన విషయమూ కాదు.

వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజుల పాటు భార్యాభర్తలు దూరంగా ఉండాలి. శాంపిలు గంటలోపే లాబుకు చేరాలి. అంటే ఉదయగిరిలో ఇంటి దగ్గర డబ్బాలో పట్టి ఆత్మకూరు బస్సెక్కితే కుదరదు. ఆ ఎండకు, ఆ కుదుపులకు లెక్క తప్పుతుంది. ఆయనే స్వయంగా లాబుకు వెళ్ళి, వాళ్ళు చూపించే గదిలో శాంపిలు ఇవ్వాలి. ఈ విషయం ముందే చెప్పి ఒప్పించండి, అక్కడికి వెళ్ళాక తెలిస్తే కోపంతో వెనక్కి వచ్చేసేవాళ్ళున్నారు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన ప్రమాణం ప్రకారం మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు కనీస స్థాయి. అంతకంటే తక్కువ వచ్చిందని గుండెలు బాదుకోనవసరం లేదు. తక్కువ ఉన్నవాళ్ళకూ పిల్లలు పుడుతున్నారు. ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వరు, కొన్ని వారాలు ఆగి రెండోసారి చూస్తారు. గట్టి జ్వరం వచ్చి తగ్గినా కొన్ని వారాలు లెక్క పడిపోతుంది.

వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందుకే ఈ రోజు సిగరెట్టు, బీడీ, గుట్కా, మందు మానేస్తే ఫలితం మూడు నెలల తర్వాత కనబడుతుంది. వారం రోజులు మానేసి 'ఏం మారింది?' అంటే లాభం లేదు. వేడి కూడా వీర్యకణాలకు శత్రువే. హోటలు పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళు, ఇంజను వేడిలో గంటల తరబడి కూర్చునేవాళ్ళు మధ్యమధ్య లేచి తిరగాలి, బిగుతు బట్టలు మానాలి. కండలు పెరగాలని జిమ్ములో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే కుర్రాళ్ళు ఇది తప్పక తెలుసుకోవాలి. మగతనం పెంచుతుందనుకునే ఆ ఇంజెక్షనే వీర్యకణాల తయారీని ఆపేస్తుంది.

ముందు నుంచి కాదు, వెనక నుంచి లెక్కపెట్టండి

"పద్నాలుగో రోజు" అనే మాట చాలామంది విన్నారు. కానీ అందరికీ పద్నాలుగో రోజే కాదు. అండం విడుదలయ్యేది రాబోయే బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు. ఈ సంగతి 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే డాక్టర్లు విడివిడిగా కనిపెట్టారు. అందువల్ల 28 రోజులకు నెలసరి వచ్చేవాళ్ళకు అది 14వ రోజు. 32 రోజులకు వచ్చేవాళ్ళకు 18వ రోజు. 26 రోజులకైతే 12వ రోజు. బహిష్టు మొదలైన రోజును ఒకటిగా లెక్కపెట్టాలి.

విడుదలైన అండం ఒక రోజుకు మించి బతకదు. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. 1995లో అమెరికాలోని నార్త్ కరోలినాలో 221 మంది స్త్రీల మీద జరిగిన అధ్యయనంలో గర్భాలన్నీ అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, అంటే ఆ ఆరు రోజుల్లోనే నిలిచాయని తేలింది. ఆ రోజు దాటాక కలిసినవాళ్ళలో ఒక్కరికీ నిలవలేదు. కాబట్టి 28 రోజుల వాళ్ళకు 9 నుంచి 14వ రోజు దాకా, 32 రోజుల వాళ్ళకు 13 నుంచి 18 దాకా ముఖ్యం. ఆ రోజుల్లో రోజూ గానీ రోజు మార్చి రోజు గానీ కలిస్తే చాలు. 'బలం దాచిపెట్టుకోవాలి' అని పది రోజులు దూరంగా ఉండటం వల్ల మేలు లేదు. తర్వాత కాళ్ళు పైకెత్తి పడుకోనవసరమూ లేదు. నూనెలు, క్రీములు మాత్రం వాడకండి.

ఆ రోజులు దగ్గరపడ్డాయనడానికి శరీరమే ఒక గుర్తు ఇస్తుంది. తెల్లబట్ట పచ్చి గుడ్డు తెల్లసొన లాగా పల్చగా, జారుతూ, సాగుతూ ఉంటుంది. దుర్వాసన, దురద ఉంటే అది వేరు, డాక్టరుకు చూపించాలి.

మా మెట్ట నుంచి బతుకుదెరువు కోసం బెంగళూరు, చెన్నై, కువైట్ వెళ్ళిన మగవాళ్ళు చాలామంది. ఆయన నాలుగు రోజులు సెలవు మీద వచ్చిపోతే ఆ నాలుగు రోజులూ సరైన రోజులు కాకపోవచ్చు. అట్లాంటి రాకలు ఎన్ని అయినా 'ఇన్నేళ్ళయింది' అని లెక్కవేసి బాధపడటం న్యాయం కాదు. వంటింటి క్యాలెండరు మీద బహిష్టు తేదీలు రాసుకోండి. సెలవు పెట్టేముందు ఆయన మిమ్మల్ని అడిగి పెట్టాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

కలిసి ఉంటూ ఏ జాగ్రత్తలూ తీసుకోని జంటల్లో నూటికి 80 నుంచి 85 మందికి ఏడాదిలోపు నెల తప్పుతుంది. అందుకే భార్య వయసు 35 లోపయితే ఒక ఏడాది చూడవచ్చు. 35 దాటితే ఆరు నెలలు చాలు. 40 దాటితే అసలు ఆగవద్దు. వయసుతో పాటు అండాల సంఖ్య, నాణ్యత రెండూ తగ్గుతాయి.

కొందరు ఏడాది దాకా కూడా ఆగకూడదు. నెలసరి 21 రోజుల కంటే ముందే గానీ 35 రోజులు దాటి గానీ వచ్చేవాళ్ళు, బహిష్టులో మంచం దిగలేనంత నొప్పి ఉన్నవాళ్ళు, పూర్వం టీబీ వచ్చినవాళ్ళు, రెండుసార్లు గర్భం పోయినవాళ్ళు త్వరగా వెళ్ళాలి. మన దేశంలో గర్భనాళాలు మూసుకుపోవడానికి టీబీ ఒక ముఖ్య కారణం. దగ్గు లేకపోయినా అది గర్భసంచికి రావచ్చు. భర్తకు యుక్తవయసు వచ్చాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచి ఉంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి.

మొదట భార్యకు చేసేవి మామూలు పరీక్షలే: రక్తం ఎంత ఉంది, థైరాయిడ్, షుగరు, గర్భసంచి స్కానింగు. అవసరమైతే బహిష్టు ఆగిన తర్వాత, అండం విడుదలకు ముందు గర్భనాళాలకు ఎక్స్‌రే తీస్తారు. అప్పుడు కాస్త నొప్పిగా ఉంటుంది గానీ భయపడనవసరం లేదు.

'గర్భసంచి శుభ్రం చేయించడం' పిల్లలు పుట్టే వైద్యం కాదు. కారణం లేకుండా పదేపదే డి అండ్ సి చేస్తే గర్భసంచి లోపలి పొర దెబ్బతిని అతుక్కుపోయే ప్రమాదం ఉంది. చేయించుకోమంటే ఎందుకని తప్పకుండా అడగండి. అట్లాగే పక్కింటావిడకు పనిచేసిందని అండం పెరిగే మాత్రలు మెడికల్ షాపులో కొని వేసుకోవద్దు. అవి డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సినవి.

వంటింట్లో ఏం చేయవచ్చు?

గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. బిడ్డ వెన్నుపాము, మెదడు రూపుకట్టేది మొదటి నాలుగు వారాల్లోనే. అప్పటికి చాలామందికి నెల తప్పినట్టు కూడా తెలియదు. షుగరు, మూర్ఛ ఉన్నవాళ్ళకు మోతాదు వేరు, డాక్టరును అడగండి.

పీసీఓడీ ఉండి బరువెక్కువైనవాళ్ళు ఉన్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గించినా నెలసరి దారిలోకి రావచ్చు. 70 కిలోలుంటే మూడున్నర కిలోలన్నమాట. రాగి సంగటి, మునగాకు, పెసలు, గుడ్డు, దొరికితే సోమశిల చేప, ఇవన్నీ మన ఊళ్ళో ఉన్నవే. రెండుపూటలా తెల్లన్నం గుట్టగా పెట్టుకోవడం తగ్గించి, సాయంత్రం అరగంట నడవండి. బాగా సన్నగా ఉన్నవాళ్ళు తగ్గకూడదు, పెరగాలి. ఫలానాది తింటే గర్భం నిలుస్తుందని చెప్పే ఏ ఒక్క పదార్థాన్నీ నమ్మి డబ్బు పోసుకోవద్దు.

మోసపోవద్దు

టెస్ట్ ట్యూబ్ బేబీ అనగానే ఇప్పుడు ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. 1978 జులైలో ఇంగ్లండులో, అదే ఏడాది అక్టోబరులో మన కలకత్తాలో అలాంటి మొదటి పాపలు పుట్టారు. అయితే అది చివరి మెట్టు. ముందు మందులు, తర్వాత శుద్ధి చేసిన వీర్యాన్ని గర్భసంచిలోకి పంపే ఐయూఐ లాంటి చిన్న మెట్లున్నాయి. మొదటి రోజే లక్షల ప్యాకేజీ చెబితే ఇంకొక డాక్టరును అడగండి.

2019లో గుంటూరులో 70 దాటిన ఒకావిడ కవలల్ని కన్న వార్త చదివి, 'ఇంకా టైముందిలే' అనుకున్నవాళ్ళను నేనెరుగుదును. ఆ అండం వేరే స్త్రీ దానం చేసినది. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ళు మించకూడదు. సెంటరుకు రిజిస్ట్రేషను తప్పనిసరి. 2025 జులైలో సికింద్రాబాదులో సరోగసీ పేరుతో వేరేవాళ్ళ బిడ్డను అంటగట్టారని పోలీసులు కేసు పెట్టిన సంగతి గుర్తుంచుకోండి. సర్టిఫికెట్టు చూపించమని అడగడం మీ హక్కు.

దేవుడికి మొక్కుకోవద్దని నేననను. మొక్కు ధైర్యాన్నిస్తుంది. మొక్కుకోండి, పరీక్షా చేయించుకోండి.

అత్తగారికి ఒక మాట

అమ్మా, కోడలితో పాటు మీ అబ్బాయినీ పంపండి. ఆ మాట కోడలు చెబితే గొడవవుతుంది, తల్లి చెబితే వింటాడు. మా పిన్ని కూతురి విషయంలో చివరికి ఆయన్ని బస్సెక్కించింది వాళ్ళ అత్తగారే. "నీ మగతనం యాడికీ పోదులే, పోయి రా" అందావిడ.

ఆయనకు వెరికోసిల్ అనే నరాల ఉబ్బు ఉంది. చిన్న ఆపరేషను చేశారు. సిగరెట్లు మానేశాడు. తర్వాత నెల్లూరులో రెండోసారి ఐయూఐకి తన కడుపు పండింది. ఇప్పుడు పాప రెండో తరగతి. అందరి కథా ఇలాగే ముగియకపోవచ్చు. ప్రయత్నాలన్నీ అయ్యాక చట్టప్రకారం దత్తత తీసుకుని హాయిగా ఉన్న జంటలూ ఉన్నారు. ఏ దారైనా ఇద్దరూ కలిసి నడవాలి.

మొన్న పాప పుట్టినరోజుకి వెళ్ళినప్పుడు పాత ఫైలు కనబడింది. "ఇంకా దాచావేం మే?" అన్నాను. "ఆ ఆరేళ్ళు నాకెవరిస్తారక్కా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఈసారి పేరంటంలో కొత్త పెళ్ళికూతురు కనబడితే మాత్రం, 'విశేషమేంటి' అని కాకుండా 'భోంచేశావా మే' అని అడుగుదాం.