పాత జీపు ఇంజను స్లోలో నిలువకుండుటకు కారణములు - వానిని కనుగొను క్రమము

పాత విల్లీస్ జీపులను నేటికిని కాపాడుకొనుచున్న సేద్యగాండ్రు కొందఱు కలరు. ఈ జీపులు 1941 మొదలు 1945 వఱకు యుద్ధమునకై లక్షలకొలదిగా తయారైనవి. యుద్ధానంతరము బొంబాయిలో మహీంద్రా వారును విల్లీస్ జీపులను కూర్చి విక్రయించిరి. వీనియందు సాధారణముగా కనుపట్టు లోపము, ఇంజను స్లోలో నిలువక వణకుచు ఆగిపోవుట. వెంటనే కార్బురేటరు స్క్రూను ఇటునటు త్రిప్పుట పలువుర కలవాటు. ఇది తగదు. అసలు లోపము వేఱొకచోట నున్నప్పుడు స్క్రూ త్రిప్పినచో ఆ లోపము కప్పబడునే కాని పోదు, పెట్రోలు వృథాయగును, తుదకు వాల్వులు కాలి పెద్ద ఖర్చు మీదబడును.

స్లో యనగా నేమి

ఆక్సిలరేటరును త్రొక్కనప్పుడు కార్బురేటరులోని థ్రాటిల్ రేకు దాదాపు మూసికొని యుండును. అపుడు ఇంజనుకు కావలసిన స్వల్పమైన పెట్రోలు ఆ రేకు అంచున నున్న సూదిబెజ్జము వంటి మార్గమున వచ్చును. నిండుగా పాఱు కాలువకు చిన్న గండి పడినను నష్టము కానరాదు. సన్నని బోదెకు అదే గండి పడినచో మడికి నీరందదు. అట్లే, వేగముగా పోవునపుడు తెలియని చిన్న లోపము స్లోలో బయటపడును.

పరీక్షింపవలసిన క్రమము

ముందుగా ఇంజనును బాగుగా వేడెక్కనిండు. చోక్ రేకు పూర్తిగా తెఱచుకొన్నదో లేదో కన్నులార చూడుడు. అది సగము మూసికొని యున్నచో నల్లని పొగ వచ్చును. పిదప ఈ క్రింది వరుసను తప్పక పాటింపుడు.

1. నిప్పురవ్వ. ప్లగ్గులను విప్పి చూడుడు. నల్లని పొడిమసి పట్టియున్నచో పెట్రోలు ఎక్కువైనదనియు, తెల్లబాఱి యున్నచో తక్కువైనదనియు సాధారణముగా గ్రహింపవచ్చును. ఈ ఇంజనునకు ప్లగ్గు సందు అంగుళములో వెయ్యింట 30 పాళ్లు, డిస్ట్రిబ్యూటరు పాయింట్ల సందు వెయ్యింట 20 పాళ్లు ఉండవలెను. ఇంజనును ఆపి ఒక ప్లగ్గు తీగెను విడదీసి, మరల నడిపి చూడుడు. ఇట్లు నాలుగింటిని పరీక్షింపుడు. ఏ తీగె తీసినను నడకలో మార్పు లేదో, లోపము ఆ సిలిండరునందే కలదు. అచ్చట నిప్పురవ్వ బాగుగనే యున్నచో వాల్వుగాని రింగులుగాని చెడియుండవచ్చును. అట్టి దానిని కార్బురేటరుతో సరిచేయుట అసాధ్యము, మేస్త్రీకి చూపవలెను.

2. దొంగగాలి. కార్బురేటరునకును మ్యానిఫోల్డునకును, మ్యానిఫోల్డునకును ఇంజనునకును నడుమ గల ప్యాకింగులు చెడినచో గాలి లోనికి దూఱి మిశ్రమమును పలుచన చేయును. ఇంజను స్లోలో నుండగా ఆ అతుకులపై నూనెడబ్బాతో కొంచెము ఇంజనాయిలు వేయుడు. నడక వెంటనే మాఱినచో గాలి అచ్చటనే దూఱుచున్నదని తెలియును. ఈ పరీక్షకు పెట్రోలు ఎన్నడును వాడరాదు. ఇదిగాక, క్రాంకుపెట్టెలోని ఆవిరిని లాగుకొను వాల్వు ఒకటి మ్యానిఫోల్డునకు అమర్చబడి యున్నది. అది మసిపట్టి తెఱచుకొనియే నిలిచినచో స్లో చెడును. దానిని విప్పి కడుగవలెను.

3. పెట్రోలు మట్టము. కార్బురేటరు పెట్టెలోని ఫ్లోటునకు చిల్లిపడినను, సూదివాల్వు క్రింద దుమ్ము చిక్కినను పెట్రోలు పొంగి కాఱును. వాసన, బయటి తడి దీనికి గుఱుతులు.

4. స్లో మార్గము. మిశ్రమపు స్క్రూను మెల్లగా లోనికి త్రిప్పినను నడక మాఱనిచో ఆ సన్నని మార్గము పూడిపోయి యుండవచ్చును. లేదా థ్రాటిల్ రేకు మితిమీఱి తెఱచుకొని యుండవచ్చును. జెట్టును తీసి పెట్రోలుతో కడిగి గాలి ఊదవలెను. తీగెతో పొడువరాదు, బెజ్జము పెద్దదైనచో జెట్టు పనికిరాకుండపోవును.

తుదకు సవరించుట

పై నాలుగును సరియైన పిమ్మటనే స్క్రూను ముట్టవలెను. మిశ్రమపు స్క్రూను అడుగు తగులు వఱకు మెల్లగా బిగించి, సుమారు ఒక చుట్టు వెనుకకు త్రిప్పుడు. బలముగా బిగించినచో దాని మొన చెడును. ఈ కార్టరు కార్బురేటరునందు స్క్రూ లోనికి పోయినచో మిశ్రమము పలుచనగును, బయటికి వచ్చినచో చిక్కనగును. కొన్ని యితర కార్బురేటర్లలో ఆ స్క్రూ గాలిని అదుపుచేయును గనుక ఫలితము విపరీతముగ నుండును. ఇంజను మిక్కిలి నున్నగా నడచుచోట స్క్రూను నిలిపి, థ్రాటిల్ నిలుపు స్క్రూతో నిమిషమునకు 600 చుట్లు వచ్చునట్లు అమర్పుడు.

నేటి పెట్రోలు

2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపు పద్ధతి వ్యాపించినది. ఎథనాలులో ప్రాణవాయువు కలదు గనుక మిశ్రమము కొంత పలుచనగును. అది తేమను పీల్చును. పాత రబ్బరు గొట్టములను మెత్తపఱచును. కావున ఎథనాలునకు తాళు గొట్టములను వేయుట మేలు. బండిని నెలలకొలది నిలుపునపుడు కార్బురేటరులోని పెట్రోలును తీసివేయవలెను.

హెచ్చరిక

మూసిన కొట్టములో ఇంజనును నడుపరాదు. దాని పొగయందలి కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే ప్రాణము తీయును. పెట్రోలు విప్పినచోట బీడీ, దీపము ఉండరాదు. నిప్పురవ్వను పరీక్షించుటకు ముందు ఒలికిన పెట్రోలును తుడిచి ఆఱనిండు.

ఒకమాఱు ఒక్కటియే మార్చుడు, మార్చినదానిని వ్రాసియుంచుడు, ఫలితము చూచిన తరువాతనే రెండవదానికి పోవుడు. ఇట్లు చేసినవానికి ధాన్యము తోలువేళ బండి దారిలో ఆగునను భయము తగ్గును, పెట్రోలు మిగులును, మేస్త్రీని పిలువవలసినపుడు లోపమెక్కడనో తానే చూపగలుగును.