పేగులో మంటను అదుపుచేసే కణాలు

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబారి, వాచి, మండుతుంది. లోపలికి చొరబడిన క్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు అక్కడికి పరుగెత్తి రావడమే ఇందుకు కారణం. దీనినే వైద్యులు శోథ అంటారు. శోథ మనల్ని కాపాడుతుంది. అయితే పని ముగిసినా అది చల్లారకపోతే సొంత శరీరాన్నే దెబ్బతీస్తుంది. ఈ ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్న చోట్లలో పేగు ముఖ్యమైనది.

పేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. వాటిలో అధికభాగం మనకు హాని చేయనివే. మనం తినే అన్నం, పప్పు, పాలు కూడా శరీరానికి పరాయి పదార్థాలే. వీటికీ మన కణజాలానికీ మధ్య జిగురు పొర, దాని కింద ఒకే వరుస కణాల గోడ ఉంటాయి. ఆ గోడ వెనుక రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో కాపలా కాస్తుంటాయి. అవి ప్రతి పరాయి పదార్థంపైనా విరుచుకుపడితే పేగు నిత్యం పుండుగానే ఉంటుంది. అలా జరగకుండా వాటిని ఆపేవాటిలో ముఖ్యమైనవి నియంత్రక టీ కణాలు.

జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో ఈ కణాలను గుర్తించారు. 2001లో అమెరికా శాస్త్రవేత్తలు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 అనే జన్యువును కనుగొన్నారు. ఈ జన్యువులో తీవ్రమైన లోపంతో పుట్టిన మగశిశువులకు పసితనంలోనే ఆగని విరేచనాలు, మధుమేహం, చర్మవ్యాధి వస్తాయి. నియంత్రక టీ కణాలు రూపొందడానికి ఈ జన్యువే ఆధారమని 2003లో తేలింది. ఈ ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ కణాలు ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. ‘ఇక చాలు’ అని ఇతర కణాలకు చెప్పే ఆజ్ఞ అది. ఆ ప్రొటీన్ లేని ఎలుకలకు పేగుశోథ వస్తుందని 1993లో వెల్లడయింది. ఆ ఆజ్ఞను అందుకోలేని లోపంతో పుట్టిన పసిపిల్లలకూ అదే వ్యాధి వస్తుందని 2009లో తెలిసింది.

మన ఆహారానికీ ఇందులో పాత్ర ఉంది. రాగి, జొన్న, పప్పులు, ఆకుకూరలలోని పీచును మనం జీర్ణం చేసుకోలేము. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లం నియంత్రక టీ కణాలను పెంచుతుందని 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు చూపాయి. కనుక రోగనిరోధక శక్తిని పెంచుతాయని అమ్మే పొడులను చూసి మోసపోకండి. ఆ శక్తికి బలం ఎంత అవసరమో అదుపు కూడా అంతే అవసరం.

అయితే క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ వంటివి ఒకసారి మొదలైతే ఆహారం ఒక్కటే చాలదు. వారాల తరబడి విరేచనాలు, మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే కడుపునొప్పి లేదా విరేచనం కనిపిస్తే మొలలని సరిపెట్టుకోకుండా వైద్యుని సంప్రదించాలి. మన దేశంలో పేగు క్షయ కూడా క్రోన్స్ వ్యాధిలాగే కనిపిస్తుంది. శోథను అణచే స్టీరాయిడ్ మందులు క్షయను మరింత ముదిరేలా చేయగలవు. అందువల్ల పరీక్షలు చేయించుకోకుండా, ఇతరులకు పనిచేసిందని చెప్పి ఆ మందులను కొని వాడరాదు. వైద్యుడు రాసి ఇచ్చిన మందును మధ్యలో మానడం కూడా ప్రమాదమే.